సమాధానపు కొవ్వొత్తి

నవంబరు చివరి వారం రాగానే మా అమ్మ ఒక తెల్ల కాగితం తీసుకుని, భోజనాల బల్ల దగ్గర కూర్చుని, మా ఇంట్లో ఉన్న పరాయి వస్తువుల పట్టిక రాసేది. చదివి ఇస్తామని తెచ్చి తిరిగి ఇవ్వని పుస్తకాలు, ఎవరో ఏదో పంపినప్పుడు మా వంటింట్లోనే ఉండిపోయిన గిన్నెలు, వానలో అడిగి తెచ్చుకున్న గొడుగు, నాన్న ఎవరి దగ్గరో తెచ్చిన సుత్తి, చేబదులుగా తీసుకుని మరచిపోయిన చిన్న చిన్న మొత్తాలు, అన్నీ అందులోకి ఎక్కేవి. ఒక్కొక్క వస్తువు ఎదుట అది ఎవరిదో, ఎప్పుడు వచ్చిందో రాసి, ఆ కాగితాన్ని బల్ల మీది బైబిలు కింద సగం బయటికి కనిపించేలా పెట్టేది. క్రిస్మస్‌కు ముందు నాలుగు వారాల ఎదురుచూపైన ఆగమన కాలానికి ఇల్లు సిద్ధం చేయడంలో ఆమెకు అదే మొదటి పని. బూజు దులపడం, తెరలు ఉతకడం, నక్షత్రం దించి తుడవడం వంటివన్నీ దాని తరువాతే. పండుగంటే లేనివాటిని ఇంటికి తెచ్చుకోవడమని అనుకునే వయసులో మాకు ఈ పద్ధతి ఏ మాత్రమూ నచ్చేది కాదు.

ఇది ఆమెకు ఎవరు నేర్పారో నేనెన్నడూ అడగలేదు. ఆమె చెప్పే ఆధారం మాత్రం లూకా సువార్త మూడవ అధ్యాయం. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి వచ్చిన జనులు ఆలాగైతే మేమేమి చేయాలని అడిగితే, ఆయన వాళ్లను తనలాగా అరణ్యానికి రమ్మనలేదు, మిడుతలు తినమనలేదు. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వాలన్నాడు. పన్ను వసూలు చేసే సుంకరులతో, నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు. సైనికులతో, ఎవరినీ బెదిరించి లాక్కోవద్దు, మీ జీతాలతో తృప్తిపడండి అన్నాడు. “మూడు జవాబుల్లోనూ మనం ఇవ్వవలసినదీ, పుచ్చుకోకూడనిదీ తప్ప ఇంకేమైనా ఉందేమో చూపించు” అని అమ్మ మమ్మల్ని నిలదీసేది. మేము వెదికేవాళ్లం, దొరికేది కాదు.

ఆగమన కాలం ఎప్పుడు మొదలవుతుందో లెక్క చూసే పని నాన్నది. నవంబరు 30 అపొస్తలుడైన అంద్రెయ దినం కనుక, దానికి అతి దగ్గరగా ఉండే ఆదివారమే మొదటి ఆగమన ఆదివారమనీ, అందువల్ల అది నవంబరు 27కు ముందు రాదు, డిసెంబరు 3 దాటదనీ చెప్పి, కేలండరు మా ముందు పెట్టి, తేదీ మమ్మల్నే కనుక్కోమనేవారు. క్రిస్మస్ ఆదివారం నాడు పడితే ఎదురుచూపు నిండుగా 28 రోజులుంటుంది. సోమవారం పడితే నాలుగవ ఆదివారమే క్రిస్మస్ ముందురోజు అయిపోయి మొత్తం 22 రోజులకు కుదించుకుపోతుంది. 2022లో 28 రోజులు, ఆ మరుసటి ఏడే 22 రోజులు వచ్చినప్పుడు, అది ఎందుకలా జరుగుతుందో నాన్న ఉంటే పాత కవరు వెనక గీసి చూపించేవారు కదా అనుకున్నాను. సంఘ సంవత్సరం జనవరి 1 కంటే ముందే ఆ ఆదివారంతో మొదలవుతుందన్న సంగతి ఆయనకు ఎంత ఇష్టమంటే, ఆ రోజు ఉదయం గుడి నుండి వస్తూ మాకు నూతన సంవత్సర శుభాకాంక్షలు చెప్పి నవ్వేవారు.

ఆదివార బడిలో మా పాస్టరు అయ్యగారు ఒకసారి, 581లో గాల్ దేశపు (నేటి ఫ్రాన్స్) మాకోన్‌లో కూడిన బిషప్పుల సభ, నవంబరు 11న వచ్చే పరిశుద్ధ మార్టిన్ దినం నుండి క్రిస్మస్ వరకు సోమ, బుధ, శుక్రవారాల్లో ఉపవాసం ఉండాలని నిర్ణయించిందనీ, తూర్పు సంఘాలలో చాలావరకు నేటికీ 40 రోజుల ఉపవాసం పాటిస్తాయనీ చెప్పారు. మా నాలుగు వారాలే నయమని పిల్లలమంతా ఊపిరి పీల్చుకున్నాం.

ఆదివారానికొకటి చొప్పున వెలిగించే కొవ్వొత్తుల వలయం కూడా నాన్నే చేసేవారు. మందపాటి తీగను గుండ్రంగా వంచి, దానికి ఎప్పుడూ పచ్చగా ఉండే ఆకుల రెమ్మలను దారంతో చుట్టి, నాలుగు చోట్ల కొవ్వొత్తులు నిలబడేందుకు చిన్న రేకు గిన్నెలు బిగించేవారు. ఇది ఆదిసంఘం నుండి వచ్చిన ఆచారమని నేను చాలాకాలం అనుకున్నాను. హాంబర్గ్ నగరంలో పేద పిల్లల కోసం ఒక ఆశ్రమం నడిపిన యోహాన్ హిన్రిక్ విచెర్న్ అనే లూథరన్ బోధకుడు, క్రిస్మస్‌కు ఇంకా ఎన్నాళ్లని పిల్లలు రోజూ ప్రాణం తీస్తుంటే, 1839లో ఒక బండి చక్రం మీద వారపు రోజులకు చిన్న ఎర్ర కొవ్వొత్తులు, ఆదివారాలకు పెద్ద తెల్ల కొవ్వొత్తులు అమర్చి వాళ్లకు లెక్క చూపించాడని పెద్దయ్యాక చదివాను. పిల్లల సతాయింపు నుండి పుట్టిన ఆచారమని తెలిశాక దాని మీద నాకు గౌరవం పెరిగిందే కానీ తగ్గలేదు.

మా వలయంలో మూడు ఊదా రంగువి, ఒకటి గులాబీ రంగుది. ఊదా రంగు పశ్చాత్తాపానికి గుర్తు. గులాబీ మూడవ ఆదివారానిది, ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడని పౌలు ఫిలిప్పీయులకు రాసిన మాటను బట్టి వచ్చింది. కొవ్వొత్తులకు పెట్టుకునే పేర్లు సంఘాన్ని బట్టి మారుతుంటాయి. మాకు మాత్రం వరుసగా నిరీక్షణ, సమాధానం, ఆనందం, ప్రేమ. మొదటిది నాలుగు ఆదివారాలూ వెలుగుతుంది, నాలుగవది ఒక్క ఆదివారమే వెలుగుతుంది కనుక, చివరి వారానికి అవి బల్ల మీద నాలుగు మెట్లలాగా తయారయ్యేవి. నిరీక్షణ కొవ్వొత్తి కరిగి కరిగి బొటనవేలంత మిగిలేది. దాని మైనం రేకు గిన్నె అంచు దాటి, ఆకుల మీదుగా జారి, బల్లగుడ్డ మీద ఊదా రంగు మచ్చగా గడ్డకట్టేది. రోజూ ఒకదాన్ని మార్చి మార్చి వెలిగిస్తే అన్నీ సమానంగా ఉంటాయి కదా అని నేను సలహా ఇస్తే అమ్మ ఒప్పుకోలేదు. ఆ ఎగుడుదిగుడు ఆమెకు ఇష్టం.

వెలిగించాక ఇంట్లో దీపాలన్నీ ఆర్పి, వాక్యం చదవడానికి ముందు ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. దేవదూత మాట నమ్మనందుకు జెకర్యా యాజకుడు తన కొడుకు యోహాను పుట్టి పేరు పెట్టేదాకా మూగవాడై ఉన్నాడు, మనం ఐదు నిమిషాలు ఉండలేమా అని అమ్మ వాదన. జెకర్యాకు అది శిక్ష కదా, మనమేం తప్పు చేశామని మా అన్నయ్య అడిగితే, ఆలోచించుకోవడానికే ఆ ఐదు నిమిషాలు అని జవాబు వచ్చింది. నేను ఎక్కువగా మైనపు చుక్కలు లెక్కపెట్టేదాన్ని.

రెండవ కొవ్వొత్తి పేరుతో నాకొక చిక్కు ఉండేది. సమాధానమంటే బైబిలు భాషలో శాంతి, సఖ్యత. బళ్లో సమాధానమంటే ప్రశ్నకు రాయవలసిన జవాబు. నాకు బడి అర్థమే ముందు తెలుసు. అందుచేత రెండవ ఆదివారం కొవ్వొత్తి వెలిగిస్తే ఎక్కడి నుండో మనకు జవాబు వస్తుందని, ఉత్తరం కోసం చూసినట్టుగా వారమంతా చూసేదాన్ని.

నాకు తొమ్మిదేళ్లప్పుడు నాన్నకూ పెదనాన్నకూ మాటలు లేవు. నానమ్మ పోయాక ఇంటి సామాను పంచుకునేటప్పుడు ఎవరో అన్న ఒక మాట మీద మొదలై, అప్పటికి మూడేళ్లుగా సాగుతోంది. ఆ గొడవకు ముందు పెదనాన్న ఇంటి నుండి తెచ్చిన చెక్క నిచ్చెన ఒకటి మా పెరటి గోడకు ఆనించి ఉండేది. పై నుండి మూడవ మెట్టు ఒకప్పుడు చీలితే పెదనాన్న దానికి తాడు చుట్టి గట్టిగా ముడి వేశారు. ఎక్కేటప్పుడు ఆ ముడి అరికాలికి గుచ్చుకునేది. ఏటా నాన్న ఆ నిచ్చెన మీదే నిలబడి ఇంటి ముందు నక్షత్రం కట్టేవారు, నేను కింద పట్టుకునేదాన్ని. మూడేళ్లుగా ఆ నిచ్చెన అమ్మ పట్టికలో ఎక్కలేదు. ఆ ఏడు ఎక్కింది. చివరి వరుసలో, మిగతావాటికంటే చిన్న అక్షరాలతో, “నిచ్చెన – బావగారిది” అని రాసింది.

మొదటి ఆదివారం నాన్న కాగితం చూశారు, మడిచి మళ్లీ బైబిలు కింద పెట్టారు. మరునాడు సాయంత్రం నక్షత్రం పెట్టె తెరిచి పెరట్లోకి వెళ్లబోతే అమ్మ, “అది మన నిచ్చెన కాదండీ” అంది.

“ఇన్నేళ్లూ దాని మీదే కదా కట్టాం?”

“ఇన్నేళ్లూ పట్టికలో రాయలేదు. రాయడానికి నాకు భయమేసింది.”

నాన్న ఏమీ అనకుండా నక్షత్రాన్ని పెట్టెలో పెట్టేశారు. వీధిలో మిగతా ఇళ్ల ముందు నక్షత్రాలు ఒక్కొక్కటే వెలుగుతుంటే మా ఇల్లు ఆ వారమంతా చీకటిగా ఉంది. బళ్లో పిల్లలు అడిగితే నక్షత్రం చిరిగిపోయిందని అబద్ధం చెప్పాను. కుర్చీ మీద స్టూలు వేసి కట్టవచ్చు కదా అని అన్నయ్య అన్నాడు కానీ, అప్పటికి సంగతి నక్షత్రం దాటి పోయిందని వాడికీ తెలుసు.

రెండవ ఆదివారం వాక్యం యెషయా గ్రంథం 40వ అధ్యాయం. అది అమ్మ ఎంచుకున్నది కాదు, సంఘం క్రమంలో ఉన్నది. అయినా నాన్న ఒకసారి ఆమె వంక అనుమానంగా చూశారు. అరణ్యములో యెహోవాకు మార్గము సిద్ధపరచుడి అన్న చోట మామూలుగానే చదివి, ప్రతి లోయను ఎత్తు చేయవలెను, ప్రతి పర్వతమును ప్రతి కొండను అణచవలెను అన్న చోటికి వచ్చేసరికి గొంతు సవరించుకుని, ఆ వచనాన్ని అవసరమైనదానికంటే వేగంగా దాటించారు. కొవ్వొత్తి వెలిగించే వంతు నాది. వెలిగించి, ఐదు నిమిషాల మౌనం అయ్యాక, “నాన్నా, సమాధానం ఎప్పుడొస్తుంది?” అని అడిగాను. నేను అడిగింది ఉత్తరం గురించి. ఎవరూ నా పొరపాటు దిద్దలేదు.

సోమవారం రాత్రి భోజనాలయ్యాక నాన్న నిచ్చెన భుజాన వేసుకున్నారు. పగలు నలుగురూ చూస్తారని రాత్రి దాకా ఆగారని ఇప్పుడు అర్థమవుతుంది. తిరగడంలో నిచ్చెన కొస మా వాకిలి గుమ్మానికి తగిలి, వేలెడంత మేర రంగు ఊడింది. నేనూ వస్తానంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆయన వెళ్లాక మేమిద్దరం మెట్ల మీద కూర్చున్నాం. అమ్మ ప్రార్థన చేసుకుందో, ఊరికే చూస్తూ కూర్చుందో తెలియదు, పెదవులైతే కదలలేదు. చాలాసేపటికి వీధి మలుపులో ముందు నిచ్చెన నీడ, తరువాత దాని కింద నాన్న కనిపించారు. తీసుకువెళ్లిన నిచ్చెన మళ్లీ భుజాన ఉంది. అమ్మ లేచి నిలబడింది. ఏమైందని అడగడానికి కూడా ఆమెకు నోరు రాలేదు.

నాన్న నిచ్చెనను గోడకు ఆనించి, చేతులు దులుపుకుని, “అన్నయ్య నక్షత్రం కట్టారా అని అడిగాడు. లేదన్నాను. అయితే కట్టుకుని తీసుకురా, పండుగ ముందు దీన్నెందుకు తెచ్చావన్నాడు” అని చెప్పారు. కొంచెం ఆగి, “ఆ ముడి వదులైందట. రేపొచ్చి తానే బిగిస్తాడట” అన్నారు.

అమ్మ లోపలికి వెళ్లి, బైబిలు కింది నుండి కాగితం తీసి, పాత వరుస కొట్టేసి, దాని కిందే మళ్లీ “నిచ్చెన – బావగారిది” అని ఆ రోజు తేదీతో రాసింది. ఈసారి అక్షరాలు మిగతావాటితో సమానంగా ఉన్నాయి.

పెదనాన్న మరునాడు వచ్చారు. కౌగిలింతలూ కన్నీళ్లూ ఏమీ లేవు. ముడి విప్పి కొత్త తాడు చుట్టారు, తమ్ముణ్ణి ఎక్కించి తాను కింద పట్టుకున్నారు, “కొంచెం ఎడమకు”, “చాలా?”, “ఇంకొంచెం”, ఇదే వాళ్ల సంభాషణ. నాకు తెలిసినంతవరకు సామాను పంపకం సంగతి ఆ తరువాత కూడా వాళ్లు ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తి తేల్చుకుని ఉండవలసిందని ఒకప్పుడు అనుకునేదాన్ని. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. రెండవ కొవ్వొత్తి వెలిగిస్తే జవాబు వస్తుందన్న నా నమ్మకం మాత్రం ఆ రాత్రితో స్థిరపడిపోయింది, ఆ పదానికి రెండర్థాలున్నాయని తెలిశాక కూడా పూర్తిగా వదలలేదు.

నా వంతు రెండేళ్ల తరువాత వచ్చింది. ఒక స్నేహితురాలితో నాకు మాటలు పోయాయి, ఆమె పుస్తకం నా దగ్గర ఉండిపోయింది. అమ్మ పట్టికలో ఎక్కకుండా దాన్ని బీరువాలో బట్టల కింద దాచాను. మొదటి వారం గడిచింది, రెండవదీ గడిచింది. మూడవ ఆదివారం గులాబీ కొవ్వొత్తి వెలిగించి ఆనందించుడన్న వాక్యం చదువుతుంటే, మౌనంగా ఉన్న ఆ ఐదు నిమిషాల్లో ఆ పుస్తకం తప్ప నాకు మరేమీ తలపుకు రాలేదు. ఆ రాత్రి అందరూ పడుకున్నాక పట్టిక తీసి, చివర నా దస్తూరితో పుస్తకం పేరూ ఆమె పేరూ రాశాను. మరునాడు అమ్మ ఏమీ అడగలేదు, పుస్తకానికి చుట్టడానికి ఒక మంచి కాగితం ఇచ్చింది.

వాళ్ల ఇంటి తలుపు తట్టినప్పుడు చెప్పాలని దారి పొడుగునా కూర్చుకున్న మాటలు ఆమె ముఖం చూడగానే పోయాయి. ఆమె కాగితం విప్పి, పుటలు తిరగేసి, “తొంభై ఆరో పేజీ మూల మడిచావు” అంది. అవునన్నాను. “నేనింకా అక్కడిదాకా చదవలేదు, కథ చెప్పకు” అని తలుపు పూర్తిగా తెరిచింది.

నక్షత్రం కట్టాక పశువుల తొట్టె దృశ్యం అమర్చేవాళ్లం. 1223లో పరిశుద్ధ ఫ్రాన్సిస్ ఇటలీలోని గ్రెచ్చోలో నిజమైన ఎద్దునూ గాడిదనూ నిలబెట్టి, గడ్డి పరచిన తొట్టెతో ఆ దృశ్యాన్ని చూపించాడని అంటారు. మా దగ్గరున్నవి మట్టి బొమ్మలు. శిశువు బొమ్మ మాత్రం 24 రాత్రి దాకా దూదిలో చుట్టి పెట్టెలోనే ఉండేది. వచ్చిన చుట్టాలు బొమ్మ పోయిందా అని అడిగేవారు. ఇంకా రాలేదని మేము చెప్పేవాళ్లం. మరియ, యోసేపు, గొల్లలు ఖాళీ తొట్టె వైపు వంగి చూస్తూ ఉండే ఆ మూడు వారాల దృశ్యమే, శిశువును పెట్టాక ఉన్నదానికంటే నాకు ఎక్కువగా గుర్తుంది.

హృదయాన్ని సిద్ధం చేసుకోవడం గురించి అమ్మ విడిగా ఏమీ బోధించేది కాదు. పన్నెండవ శతాబ్దంలో క్లెర్వోకు చెందిన బెర్నార్డు, ప్రభువు రాకలు మూడనీ, శరీరధారిగా వచ్చినది మొదటిది, మహిమతో రాబోయేది చివరిది కాగా, ఈ రెండింటి మధ్య మనుష్యుల హృదయాల్లోకి కనపడకుండా వచ్చేది ఒకటుందనీ బోధించాడు. అయ్యగారు ఇది చెప్పిన రోజు అమ్మ ఇంటికొచ్చి పట్టిక కాగితం తిప్పి వెనక ఏదో రాసుకుంది. అప్పటి నుండి ఏటా వెనక పుట ఆమె సొంతం, మేము చూడకూడదు. ఆమె పోయాక బైబిలు సర్దుతుంటే ఆ కాగితాలు కొన్ని దొరికాయి. చాలావాటి వెనక పొడి అక్షరాలే ఉన్నాయి, ఎవరి పేర్లో నాకు తెలియలేదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. నిచ్చెన ఏటి కాగితం వెనక మాత్రం ఒకే వరుస ఉంది: “మూడేళ్లు రాయనందుకు ఆయనను క్షమాపణ అడగాలి.” దాని మీద అడ్డంగా ఒక గీత ఉంది.

నాన్నా లేరు, పెదనాన్నా లేరు. జనవరి 6 దాటాక నిచ్చెన పెదనాన్న కొడుకు ఇంటికి వెళ్తుంది, నవంబరులో మళ్లీ నా దగ్గరికి వస్తుంది. ఇద్దరికీ కొనుక్కునే స్తోమత ఉన్నా ఎవరమూ ఇంకొకటి కొనలేదు. ఈ ఏడు కాగితం రాసి బైబిలు కింద పెట్టాను. మొన్న ఆ అన్నయ్య ఫోన్ చేసి, నిచ్చెన పంపుతున్నాననీ, పై నుండి మూడవ మెట్టు దగ్గర ముడి మళ్లీ వదులైందనీ, తాడు సిద్ధంగా ఉంచమనీ చెప్పాడు.